ఒకే చైనా పేరు వేర్వేరు పట్టికల్లో వేర్వేరు నక్షత్రాలకి ఎందుకుంది? ఏది సరైనదో ఎలా తేల్చుకోవాలి?

ఒక చైనా పేరు ఒక పట్టికలో ఒక తారకి, ఇంకో పట్టికలో దాని పక్క తారకి కనిపిస్తోంది, ఏది నమ్మాలి అని అడిగారు. చాలా ఏళ్లుగా డాబా ఎక్కి ఆకాశం చూడటం, స్టెల్లేరియం అనే ఆకాశం చూపించే సాఫ్ట్‌వేర్‌లో చైనా ఆకాశం పెట్టుకుని ఆ పేర్లను మన నక్షత్రాలతో పోల్చుకోవడం నాకు అలవాటు. నాకు అర్థమైనంతవరకు రెండు పట్టికలూ సరైనవే కావచ్చు. ఆ పేరు ఏ కాలం నాటిదో ముందు తెలియాలి, తార సంగతి ఆ తర్వాతే.

ముందు పద్ధతి చూద్దాం. అగస్త్య నక్షత్రానికి ఉన్నట్టు సొంత పేరు ఉన్న తారలు చైనాలో కొద్ది. మిగతావాటిని చిన్న చిన్న గుంపులుగా కట్టి, గుంపుకి పేరు, అందులో తారకి నంబరు ఇచ్చారు. వీధి పేరు, ఇంటి నంబరు లాగా. చలికాలంలో ఓరియన్‌ని చూడండి. నడుం పట్టీలో ఉన్న మూడు తారలు తూర్పు నుంచి పడమరకి షెన్ 1, 2, 3. ఎర్రటి ఆర్ద్ర షెన్ 4, కింద తెల్లగా వెలిగే రైజెల్ షెన్ 7. నంబరుకీ వెలుగుకీ సంబంధం లేదు. వృశ్చికంలో మన జ్యేష్ఠ ఎంత కాంతిగా ఉన్నా వరసలో నడుమ ఉంది కాబట్టి షిన్ 2 అయింది. మఖ నక్షత్రమైతే షువాన్‌యువాన్ 14! అయితే ఈ నంబర్లు పట్టికలకెక్కి స్థిరపడింది చింగ్ రాజుల కాలంలో (1644–1912). పాత గ్రంథాల్లో జ్యేష్ఠని 'షిన్‌లోని పెద్ద తార' అనే రాశారు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. క్రీ.శ. 3వ శతాబ్దంలో చెన్ జువో అనే ఆస్థాన జ్యోతిష్కుడు మూడు సంప్రదాయాల పట్టికలను కలిపి 283 గుంపులు, 1464 తారలుగా కూర్చాడు. తర్వాతివాళ్లకి అదే ఆధారం. వాయవ్య చైనాలోని డున్‌హువాంగ్ గుహల్లో దొరికిన పటంలో 1300కి పైగా తారలున్నాయి, ఏది ఏ సంప్రదాయానిదో రంగులతో వేరు చేశారు. సోంగ్ రాజుల కాలంలో (960–1279), 1247లో సుజౌ నగరంలో రాతిమీద చెక్కిన పటం 11వ శతాబ్దపు పరిశీలనలతో తయారైంది. ఆ తర్వాత 1752లో, జెసూట్ ఫాదర్లు (యూరప్ నుంచి వచ్చిన క్రైస్తవ మతప్రచారకులు) చింగ్ ఆస్థానంలో ఉన్నప్పుడు, 3083 తారల కొత్త పట్టిక పూర్తయింది. అందులో పాత గుంపుల తారలు 1319 మాత్రమే. 1614 తారలను 'అదనం' అని పాత గుంపుల పక్కన చేర్చారు. చైనా నుంచి కనిపించని దక్షిణాకాశానికి కట్టిన 23 కొత్త గుంపులు కూడా ఇందులో ఉన్నాయి. పాత పటంలోని మసక తారలు ఏవో తేలనిచోట దగ్గర్లోని వేరే తారలతో గుంపు ఆకారం నింపారు. ఇప్పుడు మనకి దొరికే చాలా పట్టికలు ఈ చింగ్ కాలపు గుర్తింపునే అనుసరిస్తాయి. సోంగ్ కాలపు పటంతో పోలిస్తే పెద్ద తారల్లో గొడవ తక్కువ, మసక తారల దగ్గరే పేర్లు పక్కకి జరుగుతాయి. మీరు చూసిన తేడా ఎక్కువగా అలాంటిదే అయ్యుంటుంది.

ధ్రువ నక్షత్రం కథ వింటే ఇది ఇంకా బాగా పట్టుబడుతుంది. మూడు వేల ఏళ్ల క్రితం ఉత్తర ధ్రువం దగ్గర్లో ఉన్న పెద్ద తార లఘు సప్తర్షి మండలంలోని కోకాబ్. చైనావాళ్లకి అది 'దీ', అంటే చక్రవర్తి. అయనచలనం వల్ల, అంటే భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరగడం వల్ల, ధ్రువం దాని నుంచి దూరం జరిగింది. టాంగ్ (618–907), సోంగ్ రాజుల కాలాలకి జిరాఫీ మండలంలోని ఒక మసక తార ధ్రువ నక్షత్రమైంది, కళ్లు చికిలించి చూస్తే గానీ కనబడదది. 11వ శతాబ్దంలో షెన్ గువో అనే సోంగ్ పండితుడు దాన్ని గొట్టంలోంచి రాత్రికి మూడుసార్లు చొప్పున మూడు నెలలు చూసి, 200కి పైగా బొమ్మలు గీసి, అది అసలు ధ్రువానికి మూడు డిగ్రీలకి పైగా ఎడంగా ఉందని తేల్చాడు. ఆ ఓపికకి నేను దణ్ణం పెడతాను. ఇప్పటి మన ధ్రువ నక్షత్రం పొలారిస్ చైనావాళ్ల లెక్కలో వేరే గుంపులోది, పేరు గోచెన్ 1. కాబట్టి పాత గ్రంథంలో 'ధ్రువ తార' అని కనిపిస్తే శతాబ్దం చూడకుండా పొలారిస్ అనుకోకండి.

గుర్తింపు ఎంత పట్టింపు గల విషయమో 1054 నాటి సూపర్నోవా (పేలిపోయిన తార) చెబుతుంది. ఆ జులైలో తియెన్‌గ్వాన్ అనే తారకి ఆగ్నేయంగా, కొద్ది దూరంలో 'అతిథి తార' వచ్చిందని, 23 రోజులు పగలు కూడా కనిపించిందని సోంగ్ రికార్డులున్నాయి. తియెన్‌గ్వాన్ అంటే వృషభంలోని జీటా తార. ఆ పేలుడు శేషమని చెప్పే క్రాబ్ నెబ్యులా అనే వాయు మేఘం దాని పక్కనే ఉంది, కానీ వాయవ్య దిశలో! రికార్డులో దిశ తిరగబడిందని చాలామంది పండితుల అభిప్రాయం. నెబ్యులా వ్యాకోచాన్ని వెనక్కి లెక్కిస్తే దాదాపు ఆ కాలానికే చేరుతుంది కాబట్టి గుర్తింపు మాత్రం నిలబడింది.

మన 27 నక్షత్రాలతో పోల్చుకోవచ్చా అని కూడా చాలామంది అడుగుతుంటారు. కొన్ని చక్కగా కలుస్తాయి: మావ్ అంటే కృత్తికలు, జ్యావ్ అంటే చిత్త. కానీ వరసపెట్టి జత కట్టొద్దు. మనవి 13 డిగ్రీల 20 నిమిషాల సమాన భాగాలు. చైనావాళ్లు ఆకాశాన్ని 28 భాగాలు చేశారు, ఒక్కోదానికి మన యోగతార (నక్షత్రానికి గుర్తుగా పెట్టుకునే ముఖ్య తార) లాంటి హద్దు తార ఉంటుంది, దాని నుంచి తర్వాతి హద్దు తార దాకా ఎంత వస్తే అంతే వెడల్పు. మన మృగశిర ఉన్న 'జీ' హాన్ కాలంలో రెండు డిగ్రీలు, దాని తర్వాత వచ్చే షెన్ దాటాక 'జింగ్' 33 డిగ్రీలు. అయనచలనం వల్ల 'జీ' కుంచించుకుపోతూ 1280 నాటి కొలతల్లో 0.05 డిగ్రీకి వచ్చింది.

ఇక్కడ మనవాళ్ల పేరు ఒకటి చెప్పాలి. చెన్ జువో కలిపిన మూడు సంప్రదాయాల్లో ఒకటి ప్రాచీన జ్యోతిష్కుడు షి షెన్‌ది, ఆ తారల స్థానాలు మనకి దక్కింది ముఖ్యంగా భారత సంతతికి చెందిన గౌతమ సిద్ధ వల్ల. టాంగ్ ఆస్థానంలో పనిచేసిన ఆయన 8వ శతాబ్దంలో కూర్చిన సంకలనంలో అవి భద్రంగా ఉన్నాయి. భారతీయ నవగ్రహ గణితాన్ని 718లో చైనీస్‌లోకి తెచ్చింది కూడా ఆయనే.

మీ పనికొస్తే: ముందు పట్టిక చింగ్ కాలానిదా, సోంగ్ కాలానిదా చూడండి. పేరు చివర 'అదనం' అన్న అర్థంలో 'జెంగ్' ఉంటే అది జెసూట్ల కాలపు చేర్పు, ప్రాచీన గ్రంథంలో వెతక్కండి. పేరు స్పెల్లింగ్ పాత ఇంగ్లీషు పద్ధతిలో ఉంటే ముందు చైనా లిపి సంపాదించండి, ఎందుకంటే ఆ స్పెల్లింగుల్లో వేర్వేరు గుంపులు ఒకేలా కనిపిస్తాయి. అప్పుడు నంబరుతో స్టెల్లేరియంలో వెతికితే చాలావరకు అక్కడే తేలిపోతుంది.