ఫిల్మ్ కడగడానికి ఏ రీలు కొనాలంటే

పర్లాకిమిడి

చిరంజీవి అల్లుడికి,

ఇంట్లోనే ఫిల్మ్ కడుక్కుంటానని రాశావు, సంతోషం. మా రోజుల్లో రీలంటే ఫిల్మే, ఇప్పుడేమో ఫోన్లో డాన్సులు. నువ్వడిగింది మందు పోసి ఫిల్మ్ కడిగే ట్యాంకులో ఫిల్మ్ చుట్టిపెట్టే చక్రం సంగతి కాబట్టి అదే చెబుతాను.

ప్యాటర్సన్ కంపెనీవాళ్లది లాంటి ప్లాస్టిక్ రీలుకి ఫిల్మ్ కొస బయటి అంచులో దూర్చి, రెండు పక్కల్నీ ముందుకీ వెనక్కీ తిప్పుతుంటే చిన్న గుండ్లు ఫిల్మ్‌ని పట్టి లోపలికి లాక్కుంటాయి. వెడల్పు మార్చుకోవచ్చు కనక 35 ఎం.ఎం., 120 సైజు ఫిల్ములు రెండూ దానికే ఎక్కుతాయి. స్టీలుదానికి మధ్యలో కొస తగిలించి, ఫిల్మ్‌ని కాస్త వంచి పట్టుకుని బయటికి చుట్టుకుంటూ రావాలి. సైజుకొకటి కావాలి. చెయ్యి తిరగడానికి టైం పడుతుంది.

బరంపురంలో నీకు అసలు గొడవ తేమతో. గోపాల్‌పూర్ సముద్రపు గాలి ఊరికే పోదు. ప్లాస్టిక్ రీలు గాడిలో ఏ కాస్త తడి ఉన్నా ఫిల్మ్ మీది జెలటిన్ ఉబ్బి అతుక్కుంటుంది. ఓ శ్రావణమాసంలో పెళ్లి ఫిల్మ్ రోల్స్ రెండు వరసగా కడుగుతూ, మొదటిది తీసిన రీలుని గుడ్డతో తుడిచి రెండోది ఎక్కించాను. సగంలో ఆగింది. చీకట్లో బలవంతంగా తోశాను. నలిగి, చుట్టు మీద చుట్టు అంటుకుని, అంటుకున్నచోట మందు తగల్లేదు. తలంబ్రాలన్నీ పోయాయి. నెల రోజులు పెళ్లికూతురి వాళ్ల వీధి వైపు వెళ్లలేదు.

అందుకని ప్లాస్టిక్‌వే కొను, కానీ రెండు కొను. ఒకటి ఆరుతుంటే ఇంకోటి వాడొచ్చు. తొందరైతే హెయిర్ డ్రయ్యర్ పట్టు, మరీ వేడిగా వద్దు. ఆఖర్న, నీటి మరకలు పడకుండా వాడే వెట్టింగ్ ఏజెంట్‌లో ఫిల్మ్‌ని రీలు నుంచి తీసి విడిగా ముంచు. లేకపోతే ఆ జిడ్డు గాడుల్లో పేరుకుంటుంది. పేరుకుంటే వేడినీళ్లు, పాత టూత్‌బ్రష్. ఎక్కించేముందు ఫిల్మ్ మూలలు రెండూ కొంచెం గుండ్రంగా కత్తిరించు.

36 ఫ్రేముల రోలు ఒకటిన్నర మీటరు పైనే ఉంటుంది. పనికిరానిదొకటి తీసుకుని ముందు వెలుతుర్లో, తర్వాత కళ్లు మూసుకుని ఎక్కించు. చేంజింగ్ బ్యాగులో, అదే వెలుతురు చొరకుండా చేతులు దూర్చి ఫిల్మ్ ఎక్కించే సంచిలో, చేతులు చెమట పట్టి ఫిల్మ్ కదలకపోతే టెన్షన్ పడకు. రీలూ ఫిల్మూ ట్యాంకులో పెట్టి, వెలుతురు చొరకుండా మూత బిగించి చేతులు బయటికి తియ్యి. తుడుచుకుని, మంచినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టు.

స్టీలువి కొనకు. రథయాత్రకి వస్తావుగా, నావి మూడున్నాయి. ఒకటి కిందపడి వంగింది. దాన్ని మాత్రం నీకివ్వను.

మీ మావయ్య