తల్లి కుందేలు పక్కన లేదంటే పాలివ్వలేదని కాదు

“మా కుందేలు మొదటిసారి పిల్లలు పెట్టింది, పొద్దస్తమానం వాటి దిక్కే చూడటం లేదు, ఆవుపాలు పట్టమంటారా?” అని అడిగారు. వద్దండీ. ముందు ఆ ఇంకు ఫిల్లరు అవతల పెట్టేయండి.

మాది తిరుపతి, కొర్లగుంట. మిద్దె మెట్ల కింద కుందేళ్లు పెంచుతున్నాను. మా తెల్లదాని తొలి కాన్పుకు ఇంట్లో ఇదే గొడవ. అంతకు ముందురోజే అది రొమ్ము మీద, కడుపు మీద బొచ్చు పీక్కొని పెట్టెలో పరుచుకుంది. తెల్లారి చూస్తే ఆ బొచ్చులో వేలెడేసి పిల్లలు, ఒంటి మీద నూగు కూడా లేదు. తల్లేమో ఇంకో మూల కూర్చొని గరిక నములుతా ఉంది. పక్కింటి అక్క “ఇదేం తల్లి, రాతిగుండెది” అనింది. మా అవ్వ అప్పుడే ఆవుపాలు గోరువెచ్చగా కాచి గిన్నెతో వచ్చేసింది. నేను ఒక పిల్లను అరచేతిలో వెల్లకిలా పెట్టి సెల్ టార్చి వేసి చూపించినాను. ఆ పల్చటి చర్మం లోపల పాలు తెల్లగా కనిపిస్తున్నాయి, పొట్ట గుండ్రంగా బిగిసి ఉంది. అవ్వ ఇంక మాట్లాడలేదు, ఆ పాలతో కాఫీ పెట్టుకొచ్చింది.

ఆ మర్నాడు కొండ మీద సుప్రభాతం వేళకు లేచి, లైటు వేయకుండా మెట్ల మీద కూర్చున్నాను. తల్లి ఒక్క దూకున పెట్టెలోకి పోయి పిల్లల మీదుగా నిలబడింది. కళ్లు తెరవని పిల్లలు అన్నీ ఒక్కసారి వెల్లకిలా తిరిగి, ఒకదాన్నొకటి తోసుకుంటూ రొమ్ములు వెతుక్కున్నాయి. మూడు నాలుగు నిమిషాలు, అంతే, తల్లి బయటికి దూకేసింది. రోజుకు ఒకసారి, మహా అంటే రెండుసార్లు ఇస్తుంది. తన వాసన పట్టుకొని పిల్లీ నక్కా గూటికి రాకూడదని మిగతా పొద్దంతా దూరంగానే ఉంటుంది. కుందేలు పాలు ఆవుపాల కంటే చాలా చిక్కన, పిల్లకు అది చాలు. ఫిల్లరుతో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి పిల్ల చచ్చిపోవచ్చు. ఈ సలహా ఇచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

“చెయ్యి తగిలితే తల్లి రానివ్వదు” అనేది కూడా వట్టి మాట. గూటి గడ్డిలో చేతులు రుద్దుకొని రోజూ పిల్లల్ని లెక్కపెట్టండి, చచ్చినది ఉంటే వెంటనే తీసేయండి. చీమలు రాకుండా పెట్టె కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి. కత్తిరి ఎండల్లో మన ఊరు 40 డిగ్రీలు దాటుతుంది కదా, అప్పుడు పిల్లలు గూటి అంచులకు పాకుతుంటే పైన బొచ్చు కొంత పక్కకు తీయండి. తల్లి పక్కన తడి గోనెసంచి వేలాడదీయండి. 10 రోజులు దాటితే కళ్లు తెరుస్తాయి. పుట్టగానే బొచ్చుతో, తెరిచిన కళ్లతో ఉండే ఫొటోలు చూసి భయపడొద్దు, అవి అడవి కుందేళ్లవి. వాటిని పట్టుకొచ్చి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

పొట్ట లోపలికి పోయి, చర్మం ముడతలు పడి, పిల్ల చల్లగా తగిలితేనే నిజంగా పాలు అందలేదని. అప్పుడు మాత్రం ఇంటి వైద్యాలు వద్దు, మన ఊళ్లోనే పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, పిల్లల్ని, తల్లిని కలిపి తీసుకుపోండి.

అన్నిటికంటే ముఖ్యం, మగదాన్ని ఈరోజే వేరే బోనులో పెట్టండి. పిల్లలు పెట్టిన రోజే ఆడది మళ్లీ కడుపుతో అవుతుంది, 31 రోజులకు ఇంకో కాన్పు వచ్చి పడుతుంది. నాకు అమ్మిన దుకాణమాయన “రెండూ ఆడవే” అని దేవుడి మీద ఒట్టేసి మరీ ఇచ్చినాడు. చిన్న పిల్లల్లో ఆడామగా పోల్చుకోవడం కష్టమే, ఒప్పుకుంటాను. కానీ తెలియకపోతే తెలియదని చెప్పాలి. ఆ పశువుకు వెంటవెంటనే కాన్పులైతే ఒంట్లో ఏం మిగులుతుంది?