ముందు నీటిగీత గీసుకో

చిరంజీవి సుధకు పెదనాన్న ఆశీస్సులు.

ఓర్లాండో తరగతి (ఒకే డిజైన్‌తో కట్టిన ఓడల గుంపు) క్రూజర్ అనే యుద్ధనౌక మోడల్ చేయాలని ఉందని, కర్ర ఏది కొనాలని అడిగావు. కర్ర సంగతి తర్వాత. ముందు ఒక పెద్ద కాగితం మీద ఆ ఓడ నీటిలో ఎంత లోతుకు కూర్చునేదో గీసుకో. ఈ ఓడల మంచీ చెడ్డా అంతా ఆ గీత దగ్గరే ఉంది.

విక్టోరియా కాలంలో, 1885-86ల్లో, బ్రిటిష్ నౌకాదళం ఈ తరగతిలో ఏడు ఓడల పని మొదలుపెట్టింది. నౌకాదళానికి ప్రధాన ఓడ డిజైనర్‌గా ఉన్న నథానియల్ బార్నబీ హయాంలో తయారైన డిజైన్ ఇది. దూర సముద్రాల్లో వర్తక ఓడలకు కాపలా కాయాలి, శత్రు క్రూజర్ ఎదురైతే నిలబడి కొట్లాడాలి. అందుకే ముందొకటి వెనకొకటి 9.2 అంగుళాల ఫిరంగులు, పక్కకు ఐదేసి చొప్పున 6 అంగుళాలవి పది పెట్టారు. ఓడ నడిమి భాగాన 200 అడుగుల మేర, 10 అంగుళాల మందంతో, శత్రు గుండ్లను ఆపడానికి కవచ పట్టీ తొడిగారు. ఆ పట్టీ ఎత్తు అయిదున్నర అడుగులే. లెక్క ప్రకారం అందులో 18 అంగుళాలు నీటి పైన, మిగతా నాలుగడుగులు నీటి కింద ఉండాలి.

ఇప్పుడు పెన్సిల్ తీసుకుని నాతో పాటు లెక్క వెయ్యి. ఓడ పొడవు 300 అడుగులు, వెడల్పు 56. రెండు కొసలూ సన్నబడతాయి కాబట్టి నీటిమట్టం దగ్గర వైశాల్యం సుమారు 12,000 చదరపు అడుగులు అనుకో. సముద్రపు నీరు 35 ఘనపుటడుగులు ఒక టన్ను. అంటే దాదాపు 28 టన్నులు ఎక్కిస్తే ఓడ ఒక అంగుళం దిగుతుంది. డిజైన్ వేసినప్పుడు బొగ్గు 440 టన్నులని లెక్క కట్టారు. కానీ బంకర్లలో, అంటే బొగ్గు గదుల్లో, 900 టన్నులు పడుతుంది, దూరప్రయాణమంటే అంతా నింపక తప్పదు. ఆ తేడా 460 టన్నులకే ఓడ 16 అంగుళాలు దిగిపోతుంది. కడుతుండగా చేరిన బరువులు దానికి అదనం. నిండా బొగ్గుతో బయల్దేరేసరికి పట్టీ మొత్తం నీళ్లలో మునిగేది. నడుముకు ఉండాల్సిన వడ్డాణం మోకాళ్లకు జారినట్టు.

దీన్ని పట్టుకుని చాలామంది బార్నబీని తిడతారు. నాకది న్యాయంగా తోచదు. ఆనాటి కవచం అంత బరువు. 5,600 టన్నుల ఓడ మోయగలిగింది అంతే. బార్నబీ తర్వాత వచ్చిన విలియం వైట్ పదేళ్లకు పైగా తన కొత్త క్రూజర్లకు పక్క పట్టీ పెట్టనే లేదు, ఓడ లోపల అడ్డంగా పరిచిన ఉక్కు డెక్‌నే నమ్ముకున్నాడు. తేలికైన, గట్టిదైన క్రుప్ ఉక్కు వచ్చాకే తన క్రెసీ తరగతి క్రూజర్లకు 6 అంగుళాల పట్టీ పెట్టగలిగాడు. దానికి ఓడ 12,000 టన్నులకు పెరిగింది.

ఇక పని విషయం. వందో వంతు సైజులో చెయ్యి. మోడల్ పొడవు 91 సెంటీమీటర్లు, వెడల్పు 17 వస్తుంది, మీ హాల్లో షోకేసులో పడుతుంది. హల్‌ను, అంటే ఓడ ఒంటిని, పలకలు ఒకదానిమీద ఒకటి అతికించి చెక్కు. డిజైన్ నీటిమట్టం సరిగ్గా ఒక అతుకు మీద వచ్చేలా పలకల మందం ఎంచుకో. ఆ అతుకుకు పైన నాలుగున్నర మిల్లీమీటర్లు, కింద పన్నెండు. అదే నీ కవచ పట్టీ. రంగు కింద దాని అంచు కొంచెం కనబడనివ్వు, పుట్టీ పెట్టి కప్పేయకు. తర్వాత నిండు బొగ్గు నీటిగీతను సన్నని దారమంత వేరే గీతగా వెయ్యి. చూసినవాళ్లు అడుగుతారు, నువ్వు ఈ లెక్క చెప్పొచ్చు.

రెండు పొగగొట్టాలకూ పడవలకూ ఏటికొప్పాక బొమ్మలవాళ్లు వాడే అంకుడు కర్ర తెచ్చుకో. లేత్ మీద మెత్తగా తిరుగుతుంది, పెచ్చులూడదు. ఫిరంగి గొట్టాలు మాత్రం ఇత్తడి కడ్డీతోనే చెయ్యి, కర్రవి ఏడాదికే వంకరపోతాయి.

రంగు డబ్బా తెరిచే ముందు ఏ ఏడాది, ఏ సముద్రం అన్నది తేల్చుకో. స్వదేశంలో అయితే నల్ల హల్, తెల్లని పైభాగం, లేత పసుపు పొగగొట్టాలు. వేడి దేశాల్లో చాలా ఓడలు తెల్ల రంగులో తిరిగేవి. బూడిద రంగు 1900 దాటాకే వచ్చింది. తరగతికి పేరిచ్చిన ఓర్లాండో ఓడ 1888 నుంచి దాదాపు పదేళ్లు ఆస్ట్రేలియా స్టేషన్‌లో, అంటే అక్కడి బ్రిటిష్ నౌకా దళంలో, ఫ్లాగ్‌షిప్ (దళాధిపతి ఉండే ఓడ). తర్వాత చైనా వెళ్లింది. 1900లో చైనాలో విదేశీయుల మీద జరిగిన బాక్సర్ తిరుగుబాటప్పుడు దాని నావికులు ఒడ్డుకు దిగి పోరాడారు. అక్కడి తాకూ కోటలోంచి వాళ్లు తీసుకెళ్లిన గంట ఇంగ్లండులోని పోర్ట్స్‌మౌత్ పార్కులో వందేళ్లు ఉండి, 2005లో మళ్లీ చైనా చేరింది. నేనైతే ఆస్ట్రేలియా కాలాన్నే ఎంచుకుంటాను, ఫ్లాగ్‌షిప్ కాబట్టి ఫొటోలు దొరికే అవకాశం ఎక్కువ. ఒక్క ఫొటో చూసి నమ్మకు, అదే ఏడాదివి రెండైనా పక్కపక్కన పెట్టుకుని చూడు.

అసలు డ్రాయింగుల కోసం గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంకి రాయి. నౌకాదళం ప్లాన్లు అక్కడ భద్రంగా ఉన్నాయి. జవాబు ఆలస్యమైతే టెన్షన్ పడకు, ఈలోగా ఒక్క నీటిమట్టానికే పలక కోసి చూసుకో. దాని ఫొటో, నీ లెక్క కాగితం రెండూ నాకు పంపు. చూశాకే మిగతా కర్ర కొందాం.

మీ పెదనాన్న