మంచి నక్షత్రమని ముందే ఆపరేషన్ చేయించుకోవాలా?

ప్రశ్న: తొలి కాన్పు. 36వ వారం. ములుగు జిల్లాలో తల్లిగారింట్లో ఉన్నాను, హనుమకొండకు రెండు గంటల దారి. బిడ్డ, బీపీ బాగున్నాయన్నారు. 37 నిండగానే మంచి నక్షత్రం ఉందని, ఆపరేషన్ చేయించుకోమని అత్తమ్మ పట్టు. మా ఆయన నోరు విప్పడు. నొప్పులు ముందే వస్తాయేమోనని భయం.

జవాబు: ముందు మీ కార్డు తెరిచి, కాన్పు తేదీ దేన్నిబట్టి వేశారో చూడండి. మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్ లెక్క నమ్మదగ్గది. చివరి నెలల స్కాన్‌లో రెండు మూడు వారాలు అటూ ఇటూ కావచ్చు, అంటే మీ 37 నిజానికి 35 కావచ్చు. సరిగ్గా 37 అయినా, నొప్పులు మొదలుకాకముందే కోసి తీస్తే బిడ్డ ఊపిరితిత్తుల్లో నీరు ఇంకక ఆయాసం వచ్చే అవకాశం ఎక్కువ. అప్పుడు బిడ్డ బాక్సులో, మీరు వార్డులో. అవసరం లేని ఆపరేషన్ 39 వారాల లోపు వద్దనేది ఇందుకే.

ఈ మాట మీ నోట వస్తే ఎదురు చెప్పినట్టుంటుంది. వచ్చే చెకప్‌కు అత్తమ్మను తీసుకెళ్లి, ఆమె ముందే డాక్టరమ్మను అడగండి. "డాక్టరమ్మ చెప్పినట్టే చేద్దాం" అనమని మీ ఆయనకు ముందు రోజే చెప్పి పెట్టండి, ఆయన అంతకన్నా మాట్లాడక్కర్లేదు. పంతులు ఎలాగూ బిడ్డ పుట్టిన టైమే అడుగుతాడు!

నాకైతే నక్షత్రం కన్నా మీ దూరమే దిగులు. ఐదు నిమిషాలకొకటి, నిమిషంపాటు, గంటసేపు నొప్పులొస్తే బయల్దేరమనేది ఆసుపత్రి దగ్గరున్నవాళ్లకు. మీరు పది నిమిషాలకొకటి వస్తున్నప్పుడే కదలాలి. 37 నిండకముందు వరసగా వస్తే లెక్కపెడుతూ కూర్చోవద్దు, వెంటనే బయల్దేరండి. నడిచినా, పడుకున్నా తగ్గిపోతే దొంగ నొప్పులే. 38 దాటాక హనుమకొండలో చుట్టాలింట ఉండగలిగితే మేలు. 102 బండి గురించి ఆశా కార్యకర్తతో ఇప్పుడే మాట్లాడండి, ఆపదైతే 108.

ఉమ్మనీరు పోతే నొప్పుల కోసం ఆగొద్దు. ఎన్నింటికి పోయిందో, ఏ రంగో చూసుకోండి, ఆకుపచ్చగా ఉంటే మరీ తొందర. రక్తం కనబడినా, తలనొప్పితో కళ్లు మసకబారినా, ముఖం ఉబ్బినా తెల్లారేదాకా ఆగొద్దు. బీపీ 140/90 దాటి ఉండొచ్చు. నెలలు నిండాక బిడ్డ కదలదనే మాట నమ్మకండి. కదలికలు తగ్గాయనిపిస్తే ఎడమ పక్కకు పడుకుని లెక్కపెట్టండి, రెండు గంటల్లో పది రాకపోతే వెళ్లాల్సిందే.

సంచి సర్దే పని అత్తమ్మకే అప్పగించండి: కార్డు, స్కాన్‌లు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఉతికిన మెత్తటి నూలు బట్టలు, రక్తం ఇవ్వగల ఒకరి ఫోన్ నంబరు. తేనె సీసా మాత్రం పెట్టనివ్వకండి. బిడ్డకు మొదటి గంటలో ముర్రుపాలే పట్టాలి.