పార్కు చెరువులో వలస బాతులకు వల పన్నితే నేరం కాదా?

ప్రశ్న: మా ఇల్లు తిరుపతి శివారులో, చెరువును ఆనుకొని వేసిన పార్కు పక్కన ఉంది. డిసెంబరు నుంచి తల వెనుక రెండు నల్లచారలున్న బూడిదరంగు పెద్ద బాతులు గుంపుగా దిగుతున్నాయి. తెల్లవారుజామున కొందరు చెరువు కట్ట కింద వలలు కడుతున్నారు. అడిగితే "ఇదేమన్నా నేలపట్టు పక్షుల అభయారణ్యమా? ఊరి పార్కే కదా" అంటున్నారు. పోలీసు స్టేషనుకు వెళితే అది ఫారెస్టు వాళ్ల పని అన్నారు. నేనేం చేయాలి?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీరు చెప్పిన గుర్తులను బట్టి అవి బార్ హెడెడ్ గూస్ అనే వలస బాతులై ఉండాలి, మంగోలియా, టిబెట్ వైపు నుంచి హిమాలయాలు దాటి వచ్చి చలికాలం మన చెరువుల్లో గడుపుతాయి.

వల కట్టినవారి వాదన చట్టం ముందు నిలవదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 9వ సెక్షన్, ఆ చట్టానికి జతచేసిన ప్రాణుల జాబితాల్లో (షెడ్యూళ్లలో) ఒకటి, రెండులలో ఉన్న ప్రాణుల వేటను అవి ఎక్కడ ఉన్నా నిషేధిస్తుంది. వేట అంటే చంపడమే కాదు. పట్టుకోవడం, ఉచ్చు వేయడం, తరమడం, ఎర పెట్టడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం, గుడ్లను, గూళ్లను చెదరగొట్టడం కూడా ఆ నిర్వచనంలోకి వస్తాయి. కాబట్టి వలలో ఒక్క పక్షీ పడకపోయినా నేరం జరిగినట్లే. నేలపట్టు, పులికాట్ వంటి అభయారణ్యంలో ఇదే పని చేస్తే 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా ఉంటాయి. బయట, ఈ బాతులాగా షెడ్యూలు రెండులో ఉన్న పక్షి విషయంలో 3 ఏళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ప్రదేశాన్ని బట్టి మారేది శిక్ష మాత్రమే.

పోలీసుల మాట సగమే నిజం. ఎస్‌ఐ, ఆపై హోదా గల అధికారికి 50వ సెక్షన్ కింద తనిఖీ చేసి వలలను స్వాధీనం చేసుకునే అధికారం ఉంది. అయితే 55వ సెక్షన్ ప్రకారం కోర్టు కేసును విచారణకు స్వీకరించాలంటే అధికారం పొందిన వన్యప్రాణి అధికారి ఫిర్యాదు కావాలి, లేదా 60 రోజుల ముందు నోటీసు ఇచ్చిన పౌరుడి ఫిర్యాదు కావాలి. పోలీసు చార్జిషీటు ఒక్కటే ఉన్న కేసులు ఈ అడ్డంకి దగ్గరే ఆగిపోతుంటాయి. అందుకే ముందుగా అటవీ రేంజి అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలుపై తేదీతో ముద్ర వేయించుకోండి. ఫోటోలో వలతో పాటు కట్ట మీది తూము గాని, పార్కు బోర్డు గాని కనిపించాలి. "ఎక్కడో తీసిన ఫోటో" అన్న వాదన నేను చాలాసార్లు విన్నాను.

వలలో చిక్కి గాయపడిన బాతు దొరికితే జాలితో ఇంట్లో ఉంచుకోకండి. 39వ సెక్షన్ ప్రకారం అది ప్రభుత్వ ఆస్తి. అలాంటిది చేతికి వచ్చిన 48 గంటల్లో దగ్గరి పోలీసు స్టేషనుకు గాని, సంబంధిత అధికారికి గాని తెలియజేయాలి. పట్టుబడినవారు "ఇవి మేము పెంచుకునే బాతులు" అంటే, అది నిరూపించుకునే భారం 57వ సెక్షన్ వారిపైనే మోపుతుంది.

పార్కును విస్తరించడానికి చెరువు పూడుస్తారేమో అన్న భయం కూడా మీకు ఉంటే, అవిలాల, పేరూరు చెరువుల గురించి 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును గుర్తుంచుకోండి. చెరువులను ప్రభుత్వం ప్రజల తరఫున ధర్మకర్తగా మాత్రమే చూసుకోవాలని చెబుతూ, ఆ రెండు చెరువుల్లో ఇక కొత్త నిర్మాణాలు వద్దని కోర్టు ఆదేశించింది. ఆ వివాదం నీటి గురించే గాని పక్షుల గురించి కాదు. అయినా చెరువు మిగిలితేనే బాతు వాలుతుంది కనుక మీ అర్జీలో దాన్ని ఉటంకించవచ్చు.

రేంజి అధికారి కదలకపోతే, నేరం వివరాలతో పాటు మీరే ఫిర్యాదు చేయదలచారని స్పష్టంగా రాసి, 60 రోజుల నోటీసును రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఆ గడువు తీరేలోగా బాతులు ఉత్తరానికి తిరిగి వెళ్లిపోవచ్చు గాని, 3 ఏళ్ల వరకు జైలు పడే నేరానికి ఫిర్యాదు కాలపరిమితి కూడా 3 ఏళ్లే కనుక మీ కేసుకు దానివల్ల నష్టం లేదు.