సాగర్ చూడబోయే లావణ్యకు పెద్దమ్మ ఉత్తరం

చి.సౌ. లావణ్యకు, పెద్దమ్మ ఆశీస్సులు.

కార్తీకంలో మీ అత్తమ్మను, మామయ్యను, బాబును తీసుకొని హుస్సేన్‌సాగర్ చూడ్డానికి వస్తామని రాశావు. లుంబినీ పార్క్, చెరువు నడుమ దీవి మీది బుద్ధుడు, ఎన్టీఆర్ గార్డెన్, అంబేద్కర్ విగ్రహం, సంజీవయ్య పార్క్, ట్యాంక్‌బండ్... వరస చూస్తేనే నాకు ఆయాసమొచ్చింది. మోకాళ్ల నొప్పులున్న మనిషి మూడో చోటికే కూలబడుతుంది బిడ్డా. రెండే పెట్టుకో: లుంబినీ నుంచి బోటులో బుద్ధుడు, పొద్దుగూకే వేళకు ట్యాంక్‌బండ్. బాబు ఉరుకులాడటానికి సంజీవయ్య పార్క్ బాగుంటుంది, తొంభై ఎకరాల జాగా. దానికి ఇంకోసారి రండి. ఆదివారం సాయంత్రాలు కాలు పెట్టే సందుండదు, వారం మధ్యలో వస్తే నయం.

ఆ రెండింటినీ మాత్రం తారుమారు చేయకు. ట్యాంక్‌బండ్ చెరువుకు తూర్పు కట్ట, లుంబినీ దక్షిణం కొసన ఉంటుంది. సికింద్రాబాద్ నుంచి పోతుంటే నీళ్లు కుడిచేతి వైపు, మీ ఆటో ఎడమ వరసలో. అక్కడే దిగారనుకో, చెరువుకూ మీకూ నడుమ డివైడరు, ఆగకుండా పోయే బండ్లు. పెద్దవాళ్లతో ఆ రోడ్డు దాటడం గండమే. అందుకని పోయేటప్పుడు ఆగకుండా సచివాలయం ఎదురుగా లుంబినీ గేటు దగ్గరే దిగండి. తిరిగి సికింద్రాబాద్ వైపు వచ్చే ఆటో నీళ్ల పక్క వరసలో వస్తుంది, దిగితే ఫుట్‌పాతే. పైగా సూర్యుడు దిగేది నీళ్ల అవతల. కార్తీకంలో ఐదూ నలభైకల్లా అస్తమిస్తాడు, కాబట్టి ఐదుంపావుకు కట్ట మీద ఉండాలి. ఆ వెలుతురులో బుద్ధుడు నల్లటి ఆకారంగానే పడతాడు. ముఖం కనిపించే ఫోటో కావాలంటే ముందే దీవి మీద తీసుకోండి.

ఇలా కుదరాలంటే మూడు గంటలకల్లా బోటు కౌంటరు దగ్గరుండాలి. పార్కు టికెట్‌లో బోటు ఉండదు, అది వేరే. నువ్వు లైన్లో నిలబడు, వాళ్లను నీడకు కూర్చోబెట్టు. ఎక్కేముందే అందరూ బాత్రూముకు వెళ్లి రండి. స్పీడు బోటు అని బాబు మారాం చేస్తాడు. అది అలల మీద ఎగిరెగిరి పడుతుంది, నడుము నొప్పి ఉన్నవాళ్లకు పనికిరాదు. అందరూ కలిసి కూర్చునే పెద్ద బోటే మేలు. అత్తమ్మ ఎక్కేటప్పుడు పక్క మనిషిని కాదు, కమ్మీని పట్టుకోమను. బోటు ఊగితే పట్టుకున్న మనిషీ తూలుతాడు. బాబుకు లైఫ్ జాకెట్ బకిల్స్ అన్నీ పెట్టాక భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగి చూడు. చెవుల దాకా లేచిందంటే అది వాడికి పెద్దది, చిన్నది అడుగు. గాలి లేచినా మబ్బు పట్టినా బోట్లు ఆపేస్తారు, వాళ్లతో వాదించకండి. దీవి మీద దిగేటప్పుడే తిరుగు బోటు ఎప్పుడో కనుక్కో.

బుద్ధుడి సంగతి బాబుకు రైల్లోనే చెప్పు. వరంగల్ నుంచి వస్తుంటే భువనగిరికి ముందు రాయగిరి వస్తుంది, ఇప్పుడు ఆ స్టేషన్ పేరు యాదాద్రి. ఆ రాయి అక్కడిదే. ఒకే రాతిలో సుమారు 18 మీటర్ల విగ్రహం. 1990 మార్చిలో చెరువులో తరలిస్తుంటే బల్లకట్టు ఒరిగి నీళ్లలో మునిగిపోయింది, మనుషుల ప్రాణాలూ పోయాయి. మళ్లీ పైకి తీసి నిలబెట్టేసరికి 1992 డిసెంబర్ వచ్చింది. ఇది విని వచ్చిన పిల్లవాడు దీవి మీద ‘ఇంకెంతసేపు’ అనడు.

లుంబినీ గేటు దగ్గర సంచులు వెతుకుతారు. 2007 ఆగస్టు 25న అక్కడి లేజర్ షో ఆవరణలోనే బాంబు పేలింది, కాబట్టి విసుక్కోవద్దని మామయ్యకు ముందే చెప్పు. పెద్ద సామాను స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టండి. తాళం లేని సంచి వాళ్లు తీసుకోరు, చిన్న తాళం వెంట తెచ్చుకో.

వాసన గురించి అడిగావు. ఉంటుంది. కూకట్‌పల్లి నాలాలాంటివి చాలాకాలంగా మురుగును ఇందులోకే తెచ్చాయి. నీళ్లు తగ్గి వేడెక్కితే వాటిలో ప్రాణవాయువు పడిపోయి అడుగు బురద కుళ్లు కంపు పైకొస్తుంది. అందుకే ఎండాకాలం రావద్దంటాను. కార్తీకంలో చాలావరకు భరించగలిగేలా ఉంటుంది. గాలి మీ ముఖాన కొట్టే చోట కూర్చోకుండా కొంత దూరం జరిగి చూడండి, తేడా తెలుస్తుంది. బాబు చెయ్యి నీళ్లలో పెట్టనివ్వకు. చీకటి పడ్డాక దీపాల కింద దోమలు, పురుగులు ముసురుతాయి, వాడికి నిండు చేతుల చొక్కా వెయ్యి.

కట్ట రెండు కిలోమీటర్లకు పైనే, అంతా నడవక్కర్లేదు. విగ్రహాలు ముప్పైకి పైనే ఉన్నాయి, మామయ్య ప్రతి దాని పేరూ చదవబోతాడు. నాలుగైదు చూసి కూర్చోమను.

నువ్వూ అత్తమ్మా ఆధార్ అసలుదే తెచ్చుకోండి. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మీ ఇద్దరికీ ప్రయాణం ఉచితం, జీరో టికెట్ మాత్రం అడిగి తీసుకోవాలి. రాత్రి రైలుంటే ఆరున్నరకే కట్ట దిగండి, స్టేషన్‌కు పోయే దారిలో రాణిగంజ్ దగ్గర బండ్లు ఇరుక్కుంటాయి.

మీ పెద్దమ్మ