తక్కెడ పట్టిన చెయ్యి

కడప

నాయనా,

ఆశీస్సులు. నీ కథ అందింది. బెలుం గుహల్లోకి దిగిన కుర్రవాడు "మాటలకందని దివ్యానుభూతి"లో మునిగిపోయాడని రాశావు. మాటలకందదని నువ్వే చెప్పేస్తే చదివేవాడికి మిగిలేదేముంది? ఆ విశేషణాలు కొట్టేసి, అక్కడ జరిగింది రాయి. వాన నీరు గాలిలోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని పలుచని ఆమ్లమవుతుంది. సున్నపురాయి పగుళ్లలోకి దిగి లక్షల ఏళ్లు రాతిని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. అలా తొలిచిన దారి కొలిచినంత వరకే మూడు కిలోమీటర్లు దాటింది. మనల్ని నడవనిచ్చేది అందులో దాదాపు సగం. అన్నిటికంటే లోతున పాతాళగంగ, అక్కడ నీళ్లు ఇంకా కిందికి దిగి మాయమవుతాయి. కోటిలింగాల దగ్గర పైనుంచి కారే చుక్క తాను మోసుకొచ్చిన సున్నాన్ని వదిలిపోతుంటే రాయి పెరుగుతుంది. కారణం చెబితే ఆశ్చర్యం చచ్చిపోతుందని భయపడకు. ఆ లింగాల ముందు నీ కుర్రవాడి అవ్వ చేతులు జోడిస్తే జోడించనీ. ఆమెను సరిదిద్దకు, ఆమె తరఫున వాదించనూ వద్దు.

అసలు చిక్కు రెండో సగంలో, 1876-78 నాటి ధాత కరువులో ఉంది. ముందు ఒక తప్పు: 1877లో "అనంతపురం జిల్లా కలెక్టరు" లేడు. ఆ జిల్లా ఏర్పడింది 1882లో, అంతవరకూ అది బళ్లారి జిల్లా. ఇలాంటివి దొర్లితే మిగతా నిజాలనూ పాఠకుడు నమ్మడు.

నీ కథలో దొర దుర్మార్గుడు, కూలీ అమాయకుడు. మధ్యలో ఎవరికీ ఆలోచించే పని లేదు. ఆ ఏడు కరువు వ్యవహారం చూడమని బ్రిటిషు ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్, కరువు సాయంగా చేయించే పనుల కూలీని మగవాడికి రోజుకు పౌను గింజలు, ఒక అణాకు తగ్గించాడు. పౌనంటే సుమారు 450 గ్రాములు. మద్రాసులో ప్రజారోగ్యం చూసే శానిటరీ కమిషనర్ కార్నిష్ పౌనున్నర అయినా కావాలని పట్టుబట్టాడు, తర్వాత కొంత పెంచారు. ఈ వాదన పైన జరుగుతుండగా కింద గింజలు తూచినవాడు మన ఊరివాడే. నీ కథ వాడిది, నీ కుర్రవాడి ముత్తాతది.

వాడి ముందు వంద మందిని నిలబెట్టు, వంద పౌన్ల గింజలు పెట్టు. చంకలో బిడ్డలున్న పదిమందికి వాడు పౌనున్నర తూచితే ఐదు పౌన్లు ఎక్కువ పోతాయి, వరుస చివర ఐదుగురు ఒట్టి చేతులతో వెళ్తారు. ఆ ఐదుగురిలో ఒకరు వాడికి తెలిసినవాళ్లయి ఉండాలి. వాడికి ఏం తెలుసు, ఏం చెయ్యగలడు, చేస్తే ఏం పోగొట్టుకుంటాడు: ఈ మూడూ తక్కెడ ఎత్తకముందే పాఠకుడికి తెలియాలి. ఒక్కటి తగ్గినా అది జాలి కథవుతుంది. "అంతా తలరాత" అనే మాట వాడి నోట రావచ్చు, కథ చెప్పే నీ నోట రాకూడదు. అరపేజీ పశ్చాత్తాపం తీసేయ్. మర్నాడు అదే తక్కెడ ఎలా పట్టుకున్నాడో చూపించు, చాలు.

గుహలో లక్షల ఏళ్ల పని చూసిన కుర్రవాడికి ముత్తాత ఒక్కపూట తూచిన తూకం చిన్నదిగా కనిపించాలా, పెద్దదిగానా? నువ్వు తేల్చలేదు. నన్నడిగితే పెద్దదిగానే కనిపించాలి. నీళ్లు తగిలితే రాయికి కరగడం తప్ప దారి లేదు. తూచేవాడికి ఇంకో దారి ఉంది, ఆ సంగతి వాడికి తెలుసు.

తిరగరాసేటప్పుడు "మానవత్వం", "అంతరాత్మ", "దైవత్వం" ఉన్న వాక్యాలన్నీ తీసి చదువు. కథ నిలబడితే ఒక్కటి కూడా తిరిగి పెట్టకు. వరుస దృశ్యం ముందు రాసి పంపు, గుహ సంగతి తర్వాత చూద్దాం.